అంగడి నుంచి తెచ్చిన బెదురు మేకలు మాలిమి కావాలంటే

తమ్ముడూ, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. పెబ్బేరు అంగడిలో ఆరేడు నెలల ఆడ మేకపిల్లలు రెండింటిని కొన్నారు. కోతకు కాదు, ఇంట్లో పెంచుకోవడానికే. మూడు వారాలైనా మనిషి కనబడితే చాలు, కొట్టం మూలకు పరుగెడుతున్నాయి. నల్లది కాస్త నయం. చుక్కలది ఎవరైనా నిలబడి ఉంటే మేత కూడా ముట్టదు. మీ ఎనిమిదేళ్ల బాబు నిమురుదామని వెంటపడుతున్నాడు. తాడు కట్టి దగ్గరికి లాక్కుంటే అలవాటవుతుందని ఒకరు, రెండు రోజులు పస్తుంచితే చచ్చినట్టు చేతిలో తింటాయని ఇంకొకరు, చుక్కలదాన్ని విడిగా కట్టేస్తే మనిషికి దగ్గరవుతుందని మరొకరు చెప్పారు. వీటిలో ఏది చెయ్యాలని అడిగారు.

మూడూ వద్దు. మూడింట్లోనూ మేకకు తప్పించుకునే దారి మూసేయడమే ఉంది. మేక ఒక మనిషిని నమ్మాలంటే ముందు దానికి ఒక సంగతి రూఢి కావాలి. తనకు ఇష్టం లేనప్పుడు ఆ మనిషి దగ్గర నుంచి వెళ్లిపోవచ్చని, ఎవరూ అడ్డుపడరని. అది రూఢి అయ్యాకే దగ్గరికి రావడం మొదలవుతుంది. మా ఇంట్లో తాతల నాటి నుంచి జీవాలున్నాయి. మందలో పెరిగినవాటినీ, అంగడి నుంచి వచ్చినవాటినీ, సీసా పాలతో పెరిగిన పిల్లలనూ సాకాను. బెదురు ఎంత ఉన్నా, ఈ ఒక్క విషయంలో అన్నీ ఒకటే.

ముందు అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి ఆలోచించండి. మందలో పెరిగిన పిల్ల తల్లి వెంట తిరుగుతుంది, కాపరి వెంట నడుస్తుంది. మనిషి చెయ్యి దాని ఒంటి మీద పడేది పట్టుకోవడానికే. నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించాలంటే వెనక కాలు పట్టి లాగుతారు, దవడ తెరిచి పోస్తారు. టీకా వేయాలంటే కాళ్ల మధ్య ఇరికిస్తారు. అంగడికి వచ్చాక కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ నడుము మీద చెయ్యి వేసి కండ ఎంత ఉందో నొక్కి చూస్తాడు, పైకెత్తి బరువు అంచనా కడతాడు. ఆ తర్వాత ఆటోలోకి ఎక్కిస్తారు, తెలియని ఇంట్లో దింపుతారు. ఇప్పుడు మీ బాబు ప్రేమతో వీపు నిమురుదామని పైనుంచి చెయ్యి చాపితే, ఆ పిల్లకు గుర్తొచ్చేది ఆ నడుము పట్టే చేతులే. బాబు మీద దానికి కోపం లేదు. చెయ్యి వచ్చే దిక్కే దానికి భయం.

దాని కళ్ల గురించి కూడా తెలుసుకోవాలి. మేక కంటిపాప అడ్డంగా గీసినట్టు ఉంటుంది కదా. వీపు వెనక కొద్ది మేర తప్ప చుట్టూరా దానికి కనబడుతూనే ఉంటుంది. తల వంచి మేస్తున్నప్పుడు కూడా కనుగుడ్డు తిరిగి, కంటిపాప నేలకు సమాంతరంగానే నిలుస్తుంది. ఈ సంగతిని 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు వివరించారు. అంటే మేత తింటోంది, మనల్ని చూడడం లేదు అనుకుని పిల్లిలా నడిచి వెళ్లి పట్టుకోవాలని చూస్తే, అది మిమ్మల్ని మొదటి అడుగు నుంచీ చూస్తూనే ఉంది. అలా దొంగచాటుగా వచ్చే నడకే దానికి అన్నిటికన్నా ఎక్కువ అనుమానం. అందుకే దొడ్డిలోకి వెళ్లేటప్పుడు మామూలుగా, చప్పుడు చేసుకుంటూ, మాట్లాడుతూ వెళ్లండి.

ఇక చెయ్యాల్సిన పని. మొదటి వారం మీరు మేకల్ని ముట్టుకోకూడదు, ముట్టుకోవాలని చూడకూడదు, పిలవకూడదు. రోజూ ఒకే వేళకు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దొడ్డిలోకి వెళ్లి కింద కూర్చోండి. పీట వేసుకున్నా సరే. నిలబడ్డ మనిషి దానికి చాలా పెద్దగా కనిపిస్తాడు, కూర్చుంటే సగం బెదురు అక్కడే తగ్గుతుంది. వాటికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చోండి. కళ్లలోకి గురిపెట్టి చూడకండి. తలుపుకు అడ్డంగా, వాటి మూలకు దారి మూసుకుపోయేలా మాత్రం కూర్చోవద్దు. అరగంట కూర్చుని లేచి వచ్చేయండి. ఏమీ జరగకపోవడమే ఆ వారంలో జరగాల్సిన పని.

ఈ కూర్చునే పనికి మీ బాబు చక్కగా పనికొస్తాడు. పరుగెత్తొద్దని చెబితే ఆ వయసు పిల్లలకు కష్టం. అదే చేతికి తెలుగు వాచకం ఇచ్చి, మీ పక్కన కూర్చుని పైకి చదవమంటే వాడికీ పని, మేకలకూ మేలు. ఒకే గొంతు, ఒకే ధోరణిలో సాగుతుంటే అవి తొందరగా అలవాటు పడతాయి. నాలుగైదు రోజుల్లో చెవులు అటు తిప్పి వింటాయి, చూడండి. మనిషి ముఖాన్ని కూడా మేకలు పట్టించుకుంటాయి. ఇంగ్లండులోని కెంట్‌లో ఉన్న ఒక మేకల ఆశ్రయంలో పరిశోధకులు మేకలకు ముక్కూమొహం తెలియని మనుషుల ఫొటోలు రెండేసి చూపించారు, ఒకటి నవ్వే ముఖం, ఒకటి కోపపు ముఖం. మేకలు ముందుగా నవ్వే ముఖం వైపు వెళ్లాయని 2018లో ప్రకటించారు. కాబట్టి చదివేటప్పుడు బాబు తప్పు చదివాడని అక్కడ కూర్చుని కసరకండి. ఆ కసురు మేకలు తమ మీదే అనుకుంటాయి.

రెండో వారం నుంచి మండలు, అంటే ఆకులున్న కొమ్మలు, పెట్టడం మొదలుపెట్టండి. నా అనుభవంలో ఇంతకు మించిన దారి లేదు, అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను. గొర్రె నేల మీద గడ్డి వెతుక్కుంటుంది. మేకకు తల ఎత్తి ఆకు అందుకోవడం ఇష్టం. సుబాబుల్, అవిశ, రావి, పనస, మునగ, రేగు, ఏది దొరికితే అది, ఆరడుగుల పొడవున్న మండ ఒకటి కోయండి. మొదటి రెండు మూడు రోజులు ఆ మండను కంచెకో గుంజకో వేలాడదీసి, దానికి నాలుగు బారల దూరంలో మీ చోట మీరు కూర్చోండి. అవి తింటే సరే, తినకపోతే వదిలేసి వచ్చేయండి, మీరు వెళ్లాక తింటాయి. మరుసటి రోజు కాస్త దగ్గరికి జరగండి. మీరు కూర్చుని ఉండగానే అవి తినడం మొదలుపెట్టాక, మండ మొదలు మీ చేత్తో పట్టుకోండి. ఆకులున్న కొస వాటి వైపు. మీకూ మేకకూ మధ్య ఆరడుగులుంది, దానికి అది చాలు. ఆ తర్వాత మండ పొడవు తగ్గిస్తూ రండి. ఐదడుగులు, నాలుగు, మూడు. ఏ రోజైనా మేక వెనక్కి తగ్గి నిలబడిపోయిందంటే మీరు తొందరపడ్డారని లెక్క. మళ్లీ పొడుగు మండ పట్టుకోండి. ఒకరోజు ఆ మండ రెండు జానల కొమ్మ అవుతుంది. ఆకులన్నీ అయిపోయాక మేక ముక్కు మీ వేళ్లకు తగులుతుంది. అప్పుడు కూడా కదలకండి. వాసన చూడనివ్వండి.

సుబాబుల్ గురించి ఒక మాట. అదొక్కటే మేతగా పెడితే అందులో ఉండే మిమోసిన్ వల్ల బొచ్చు రాలే అవకాశం ఉంది. మిగతా ఆకులతో కలిపి, మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా పెట్టండి. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు విషం. మీ ఇంటి ముందు పచ్చగన్నేరు ఉంటే కంచె అవతల ఉండేలా చూసుకోండి. జొన్న కోసిన మోళ్ల నుంచి లేచే లేత చిగుళ్లు కూడా విషమే, అవి మేసిన జీవాలు చూస్తుండగానే పడిపోతాయి.

మాలిమి చెయ్యడానికి చిరుతిండి ఏం పెట్టాలని కూడా అడిగారు. పట్టణాల్లో చాలామంది చేసేది మిగిలిన అన్నం, ఇడ్లీ, చపాతీ పెట్టడం. మేక ఆబగా తింటుంది, మనకు దగ్గరవుతున్నట్టే ఉంటుంది. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే దాని పెద్ద కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది, నెమరు ఆగిపోతుంది, పళ్లు కొరుకుతూ పడుకుంటుంది. పెళ్లి భోజనాల మిగులు పెట్టి మేకల్ని పోగొట్టుకున్న ఇళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. అందుకని గింజలు, దాణా ఏవైనా రోజుకు పిడికెడు మించొద్దు. నానబెట్టిన శనగలు, ఎండిన తుమ్మకాయలు, అరటి తొక్క, క్యారెట్ ముక్క, ఇవి చాలు. తుమ్మకాయలు ఒక స్టీలు గిన్నెలో వేసి గలగలమని ఆడించండి. రోజూ అదే గిన్నె, అదే చప్పుడు. కొన్నాళ్లకు గిన్నె చప్పుడు వింటే ఎక్కడున్నా వస్తాయి. గేటు తీసి ఉండి రోడ్డు మీదికి వెళ్లిన రోజున మీకు అదే ఆసరా. ఆ గిన్నె ఆడించి పట్టుకుని ఇంజెక్షన్ చేయించడం మాత్రం ఎన్నడూ చెయ్యొద్దు. ఒక్కసారి అలా చేస్తే ఆ చప్పుడు మీద నమ్మకం పోతుంది.

పస్తు గురించి చెప్పినవారు మేక కడుపు ఎలా నడుస్తుందో తెలియక చెప్పారు. మేక పెద్ద కడుపులో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి, వాటికి ఎప్పుడూ మేత అందుతూ ఉండాలి. రెండు రోజులు మాడ్చి, తర్వాత చేత్తో గింజలు పెడితే పైన చెప్పిన ఆపదే ఎదురవుతుంది. పైగా ఆకలికి వచ్చిన మేక లాక్కుని పారిపోతుంది. భయం అలాగే ఉంటుంది.

చుక్కలదాన్ని విడదీయమన్న సలహా ఇంకా చేటు. మేక ఒంటరిగా ఉండలేదు. తోడు కనబడకపోతే అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది, మేత మానేస్తుంది. నిజానికి చుక్కలది మీ దగ్గరికి రావడానికి ఉన్న దారి నల్లదే. నల్లది మీ చేతిలో తిని, ఏమీ కాకుండా తిరిగి రావడం చుక్కలది చూడాలి. చూస్తూనే ఉంటుంది కూడా. ముందు నల్లదాన్ని మాలిమి చేసుకోండి, చుక్కలదాన్ని పట్టించుకోనట్టే ఉండండి. అయితే ఒక జాగ్రత్త. ధైర్యం ఉన్నది మేత దగ్గర పెత్తనం చేస్తుంది, తల అడ్డం పెట్టి రెండోదాన్ని తరుముతుంది. బెదురు అనుకున్నది కొన్నిసార్లు మనిషికి బెదిరి కాదు, ఆ పెత్తనానికి బెదిరి మేత ముట్టదు. రెండు మేకలకు మూడు తొట్లు పెట్టండి, ఒకదానికొకటి కనీసం రెండు బారల దూరంలో. మండలు కూడా రెండు చోట్ల కట్టండి. దీంతోనే చుక్కలది సగం కుదుటపడవచ్చు.

కొట్టంలో ఎత్తు ఏదైనా ఉందా? లేకపోతే ఒక పాత బల్లో, నాలుగు సిమెంటు ఇటుకలు పేర్చిన అరుగో వేయండి. మేకకు ఎత్తు మీద నిలబడితే ధీమా. కింద కూర్చున్న మిమ్మల్ని పైనుంచి చూస్తుంటే దానికి మీరు భయపడాల్సిన మనిషిలా కనబడరు. బెదురు మేకలు మొదట ముక్కు చాచి వాసన చూసేది చాలాసార్లు అలాంటి ఎత్తు మీద నుంచే. వీధి కుక్కలు గేటు దగ్గరికి వచ్చి మొరుగుతుంటే కింది రెండు అడుగులు రేకుతోనో తడికతోనో మూసేయండి. రాత్రంతా కుక్కలకు భయపడిన మేక పొద్దున మీ మీద నమ్మకం పెంచుకోలేదు.

ముట్టుకోవడం ఎప్పుడు? చేతిలో తినడం నాలుగైదు రోజులు నిలకడగా సాగాక. అప్పుడు కూడా తల మీద, వీపు మీద కాదు. మేత పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, రెండో చేతి వేళ్ల వెనక వైపుతో మెడ కింద, రొమ్ము దగ్గర మెల్లగా తాకండి. రెండు మూడు క్షణాలు, అంతే. అది తప్పుకోకముందే మీరే చెయ్యి తీసేయండి. ఇది గట్టిగా గుర్తుంచుకోండి, చెయ్యి తీసేది మీరు కావాలి. అలా చేస్తే కొన్నాళ్లకు అది మెడ చాచి ఇంకా గోకమంటుంది. తర్వాత దవడ కింద, జబ్బల మధ్య, ఆపైన వీపు. నడుము అన్నిటికన్నా చివర. కొమ్ములు పట్టుకోవద్దు, చెవులు పట్టుకోవద్దు. నుదురు మీద అరచెయ్యి పెట్టి నెట్టే ఆట బాబుకు నేర్పొద్దు. ఇప్పుడు ముద్దుగా ఉంటుంది, పెద్దయ్యాక కొమ్ములతో అదే ఆట ఆడితే పిల్లాడు తట్టుకోలేడు.

మేక మనసు ఎలా ఉందో అది చెబుతూనే ఉంటుంది. ముందు కాలి గిట్టతో నేలను తన్నినా, ముక్కుతో చీదినట్టు చప్పుడు చేసినా, వెన్ను మీద బొచ్చు నిక్కబొడిచినా, చెవులు రెండూ మీ మీదే గురిపెట్టి కదలకుండా నిలబడినా, మీరు అక్కడే ఆగి కొంచెం వెనక్కి జరగాలి. మీ ముందే పడుకుందా, మీ ముందే నెమరు వేసిందా, మీకు వీపు చూపించి నిలబడిందా, అవి చేతిలో తినడం కన్నా పెద్ద గుర్తులు. నెమరు వేయాలంటే ఒళ్లు నిమ్మళంగా ఉండాలి, భయం ఉన్న మేక నెమరు వేయదు. అందుకే నేను ఎవరికైనా సాయంత్రం మేత అయ్యాక, నెమరు వేసే వేళకు వెళ్లి కూర్చోమనే చెబుతాను.

తాడు సంగతి. స్థలం చాలక, బయట మేపడానికి కట్టాల్సి వస్తే కట్టండి, తప్పదు. అయితే మెత్తని, వెడల్పాటి పట్టీ వేయండి, మెడకు ఉరి పడే ముడి వద్దు, మనిషి కనుచూపులో ఉండాలి. ముందు కొన్నాళ్లు ఉత్త పట్టీతోనే తిరగనివ్వండి. ఆ తర్వాత జానెడు తాడు వేలాడదీయండి. నడిపించేటప్పుడు తాడు వదులుగా ఉంచి గిన్నె చప్పుడుతో పిలవండి. తాడు లాగి దగ్గరికి తెచ్చుకుంటే అది నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి వెనక్కే లాగుతుంది.

పట్టుకోక తప్పని రోజులు వస్తాయి. వానలకు ముందు చిటుక రోగం టీకా, పారుడు రోగం టీకా, నట్టల మందు, గిట్టలు కోయడం. ఆ పని మేత పెట్టే చోట చెయ్యకండి. రెండు తడికలతో ఓ మూల చిన్న గూడులా కట్టి, రెండింటినీ కలిపి అందులోకి నడిపించండి, తరమకండి. పట్టుకునే మనిషి మీరు కాకుండా వేరే ఎవరైనా అయితే మంచిది. ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి వెనక తొడల దగ్గర పెడితే కదలకుండా నిలుస్తుంది, కాలు లాగనక్కర్లేదు. పని అయ్యాక మండ ఒకటి కట్టి అందరూ వెళ్లిపోండి. అప్పుడే బుజ్జగించబోతే బెదురు ఇంకా పెరుగుతుంది. ఒకటి రెండు రోజులు దూరంగా ఉంటాయి, కంగారు పడకండి. దీపావళి టపాసులకూ, వీధిలో డీజేకూ అంతే. మళ్లీ పొడుగు మండతో మొదలుపెడితే ఈసారి తొందరగా దారికొస్తాయి.

ఎన్నాళ్లు పడుతుందో మీరు అడగలేదు గాని, అడిగినట్టే ఉంది. నల్లది నెల, నెలన్నరలో చేతిలో తింటుందనుకుంటాను. చుక్కలదానికి ఇంకొన్ని నెలలు పట్టొచ్చు. కొన్ని మేకలు ఒళ్లో తల పెట్టేంత మాలిమి ఎప్పటికీ కావు. మీ పక్కన నిలబడి మేస్తే అదే వాటి చనువు. అలాంటిది ఈనిన రోజు నుంచి పిల్లల్ని తల్లి కళ్ల ముందే రోజూ కాసేపు చేతుల్లోకి తీసుకుంటే, ఆ పిల్లలకు బెదురు అనేదే ఉండదు. వాటిని చూసి తల్లి కూడా మెత్తబడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం చుక్కలదాని కోసం ఆగొద్దు. బెదురు మేక జబ్బును దాచుకుంటుంది, దూరంగా నిలబడితే బెదురే అనుకుని మనం వదిలేస్తాం. రోజూ దూరం నుంచే పెంటికలు గట్టిగా ఉన్నాయా, నెమరు వేస్తోందా, ఎడమ డొక్క మామూలుగా ఉందా చూడండి. టీకాకు పట్టుకున్న రోజున కింది కనురెప్ప మెల్లగా కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోయి ఉంటే నట్టలు రక్తం పీలుస్తున్నాయని అనుమానించాలి. పెంటికలు పరీక్ష చేయించి పశువుల డాక్టరు చెప్పిన మందే వేయించండి. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మూడు వారాలుగా మనుషుల ముందు మేత ముట్టడం లేదన్నారు కాబట్టి, ముందు ఈ వారంలోనే ఆ రెప్ప రంగు చూసి ఇక్కడ రాయండి.